6:35కి స్కూల్ బస్సు, రాత్రి 12 దాటితేగానీ నిద్ర రాని పదో తరగతి పిల్ల. ఏం చెయ్యాలి?

కసవనహళ్ళి_అమ్మ

నమస్తే అందరికీ. బెంగళూరులో ఉండే తెలుగువాళ్ళు, అందులోనూ టీనేజ్ పిల్లలున్నవాళ్ళు ఇక్కడ చాలామందే ఉంటారని అడుగుతున్నా. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది గుంటూరు. పదకొండేళ్ళుగా సర్జాపూర్ రోడ్డు పక్కన కసవనహళ్ళిలో ఉంటున్నాం. పాప పదో తరగతి, స్కూలు వర్తూరు దాటాక. బెల్లు 8 గంటలకి, కానీ ఆ రూట్లో మాదే మొదటి స్టాపు కాబట్టి బస్సు 6:35కే మా గేటు ముందుంటుంది. అంటే 5:40కి లేపాలి. లేపడం అంటే మాటలు కాదు. మూడు అలారాలు, తర్వాత నేను, తర్వాత వాళ్ళ నాన్న, ఆఖరికి ఫ్యాను ఆపేస్తాం. నిన్న బ్రష్ నోట్లో పెట్టుకుని వాష్‌బేసిన్ పక్కన గోడకి ఆనుకుని నిద్రపోయింది, పేస్టు నురగ గడ్డం మీంచి కారి యూనిఫాం మీద పడుతోంది, దానికి సోయే లేదు. ఇడ్లీ తుంచి నోట్లో పెడితే కళ్ళు మూసుకునే నములుతుంది.

సాయంత్రం బస్సు దిగేసరికి 4:45. వారానికి నాలుగు రోజులు ట్యూషన్, 6:30 నుంచి 8:15. వచ్చి తిని, హోంవర్కు, ప్రాజెక్టు అదీ ఇదీ అయ్యేసరికి 11. పడుకోమంటే పడుకుంటుంది, కానీ నిద్ర పట్టదు. "నిజంగా రావట్లా అమ్మా" అంటుంది. ఒక్కోసారి తలుపు సందులోంచి ఫోన్ వెలుగు కనపడుతుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఫోన్ మా గదిలో పెట్టుకున్న రోజున కూడా 12:15కి ముందు నిద్రపోలేదు, నేను వెళ్ళి చూశా. ఆదివారం మాత్రం 11:30 దాకా లేవదు.

మేథ్స్ టీచర్ డైరీలో రాసి పంపారు, రెండో పీరియడ్‌లో తూగుతోందని. రక్తపరీక్షలు చేయించాం, ఐరన్, థైరాయిడ్, బీ12 అన్నీ బానే ఉన్నాయి. మా ఆయనేమో అంతా ఫోన్ వల్లే అంటారు. మా అత్తగారేమో "మా కాలంలో నాలుగింటికి లేచి చదివేవాళ్ళం, ఎవరూ చావలేదు" అంటారు. నాకేమో స్కూలు టైమే తప్పేమో అనిపిస్తోంది. పేరెంట్స్ అందరం సంతకాలు పెట్టి తొమ్మిదింటికి మార్చమని అడిగితే మారుస్తారా? మీలో ఎవరైనా అడిగారా?

సింపుల్_మనిషి

ఫోన్ లాక్కోండి, వైఫై పదింటికి ఆపండి. వారంలో సెట్ అయిపోద్ది. దీనికింత పోస్టు అక్కర్లేదు.

మారతహళ్ళి_డాక్టరమ్మ

పైన సింపుల్ గారు చెప్పింది సగమే నిజం. ఫోన్ తీసేసినా పట్టలేదని ఆవిడే రాశారు కదండీ. నేను పిల్లల డాక్టర్ని, నా దగ్గరికి నెలలో పదిమందైనా ఇదే కంప్లయింట్‌తో వస్తారు, అన్ని రిపోర్టులూ నార్మలే ఉంటాయి.

చీకటి పడ్డాక మెదడులో మెలటొనిన్ అని ఒక హార్మోన్ ఊరుతుంది, ఇక రాత్రయిందని ఒంటికి చెప్పేది అదే. పెద్దమనిషి అయ్యే వయసులో అది ఊరే టైమే వెనక్కి జరుగుతుంది, కొందరిలో రెండు గంటల దాకా. దాంతోపాటు పొద్దంతా మేలుకుని ఉన్నకొద్దీ నిద్ర బరువు పెరగాలి కదా, చిన్నపిల్లల్లో అది గబగబా పెరిగి ఎనిమిదిన్నరకే సోఫాలో ఒరిగిపోతారు, టీనేజ్‌లో అదీ నెమ్మదిస్తుంది. అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీలో మేరీ కార్స్‌కాడన్ అనే ఆవిడ దశాబ్దాలుగా పిల్లల లాలాజలం శాంపిల్స్ తీసి మరీ చూపించిన సంగతి ఇది. కాబట్టి మీ పాప "రావట్లా అమ్మా" అంటే నమ్మండి. పదింటికి లైటు తీసేసి మంచం మీద పడేస్తే అది పైకప్పు చూస్తూ పడుకుంటుంది, అంతే. ఫోన్ వెలుగు దీన్ని ఇంకాస్త వెనక్కి తోస్తుంది, అందుకని ఫోన్ బయట పెట్టడం మంచిదే, కాకపోతే దాంతోనే అన్నీ సర్దుకుంటాయనుకోకండి.

13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. మీ లెక్క ప్రకారం 12:15 నుంచి 5:40, అంటే ఐదున్నర గంటలు కూడా లేదు. రోజుకి రెండున్నర గంటల చొప్పున ఐదు రోజుల్లో పన్నెండు గంటల పైనే బాకీ, ఆదివారం తీర్చేది అదే. బద్ధకం కాదు. కానీ 11:30 దాకా పడుకుంటే ఆదివారం రాత్రి ఒంటిగంటకి కూడా నిద్ర రాదు, సోమవారం మళ్ళీ మొదటికే వస్తుంది. సెలవు రోజు ఒకటి రెండు గంటలు ఎక్కువ పడుకోనివ్వండి, తర్వాత లేపి బాల్కనీలో ఎండలో కూర్చోబెట్టండి. స్కూలు నుంచి రాగానే ఓ పాతిక నిమిషాల కునుకు తియ్యనివ్వండి, ఐదున్నర దాటనివ్వకండి.

అత్తగారికి చెప్పండి, వాళ్ళు నాలుగింటికి లేచింది నిజమే, ఎనిమిదిన్నరకే దీపాలు ఆర్పేసి పడుకున్నదీ నిజమే, ఆ రెండోది మర్చిపోతారందరూ.

అన్నట్టు సాయంత్రం కాఫీ ఏమన్నా తాగుతుందా? ఆరింటికి తాగిన కాఫీలో సగం పదకొండింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. గురక పెడుతున్నా, నిద్ర సరిపోయిన రోజు కూడా దిగులుగా ఉంటున్నా అది వేరే సంగతి, అప్పుడు చూపించండి.

కసవనహళ్ళి_అమ్మ

థాంక్యూ డాక్టర్ గారూ, చదివి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, రోజూ దాన్ని బద్ధకం అని తిడుతున్నా. కాఫీ... తాగుతుందండీ. మా అత్తగారు సాయంత్రం ఫిల్టర్ వేస్తారు, "పిల్లకి రెండు గుక్కలు" అని గ్లాసు నిండా ఇస్తారు.

ఫ్రీమాంట్_నుంచి_వచ్చేశాం

మేము కాలిఫోర్నియాలో తొమ్మిదేళ్ళుండి పోయినేడు వైట్‌ఫీల్డ్ వచ్చాం. అక్కడ హైస్కూలు 8:30కి ముందు మొదలుపెట్టకూడదని 2019లో చట్టం చేశారు, 2022 జులై నుంచి అమలు. మిడిల్ స్కూలుకి 8. అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం 2014లోనే 8:30 కంటే ముందొద్దని చెప్పింది. మావాడు 7:50కి లేచి తొక్కుకుంటూ సైకిల్ మీద వెళ్ళేవాడు. ఇక్కడికొచ్చాక 5:50కి లేపుతుంటే మేం ఏదో నేరం చేసినట్టు చూస్తాడు.

అక్కడ మాత్రం అంతా బంగారం అనుకోకండి. జీరో పీరియడ్ అని తెల్లారే పెట్టే అదనపు క్లాసులకి ఆ చట్టం వర్తించదు, కాలేజీ అడ్మిషన్ పిచ్చి ఉన్న మన దేశీ పేరెంట్స్ పిల్లల్ని అందులో వేసేవాళ్ళు. ఫ్లోరిడా కూడా 2023లో ఇలాంటి చట్టమే చేసింది, అమలు కాకముందే 2025లో వెనక్కి తీసుకుంది. బస్సులు, డ్రైవర్లు చాలరని.

వర్తూరు_బస్సు_నాన్న

ఆ ఆఖరి మాట దగ్గర పట్టుకోండబ్బా. బస్సు. అసలు కథంతా బస్సులోనే ఉండేది.

మాది అనంతపురం, బెంగళూరొచ్చి ఇరవై ఏళ్ళు. మూడేళ్ళు మా పిల్లోడి స్కూల్లో పేరెంట్స్ తరఫున ట్రాన్స్‌పోర్ట్ కమిటీలో ఉన్నా, సంతకాలు పెట్టించి అడిగినోణ్ణి కూడా నేనే. చెప్తా వినండి ఏమైందో.

మేం అడిగింది 7:50 నుంచి 8:45కి మార్చమని. ప్రిన్సిపల్ మేడమ్ పాపం మంచామె, నాకూ ఇష్టమే అని చెప్పి ట్రాన్స్‌పోర్ట్ రూములో గోడ మీద ఉన్న చార్టు చూపించింది. 31 బస్సులు. ఒక్కో బస్సూ పొద్దున రెండు ట్రిప్పులు కొడుతుంది. మొదటి ట్రిప్పు హైస్కూలు పిల్లోళ్ళు, వాళ్ళని దింపేసి అదే బస్సు వెనక్కి పోయి నర్సరీ, ప్రైమరీ పిల్లోళ్ళని 9 గంటలకి తెస్తుంది. హైస్కూలు వెనక్కి జరపాలంటే రెండే దార్లు, బస్సులు రెట్టింపు చెయ్యాల, లేకపోతే చిన్నోళ్ళని ముందు ట్రిప్పుకి ఎక్కించాల. మొదటిదానికి కాంట్రాక్టరు ఒక్కో పిల్లోడికి ఏడాదికి 22 వేలు అదనంగా అడిగినాడు. రెండోది వాట్సాప్ గ్రూపులో పెడితే ప్రైమరీ తల్లులు నన్ను తినేసినారు, ఐదేళ్ళ పిల్లని ఆరింటికి చీకట్లో నిలబెట్టమంటావా అని. వాళ్ళదీ తప్పు లేదు. కానీ డాక్టరమ్మ చెప్పింది చూస్తే ఐదేళ్ళోళ్ళు తమంతట తాము ఆరింటికే లేస్తారు, పదిహేనేళ్ళోళ్ళు లేవలేరు, మనం టైములు తిరగేసి పెట్టుకున్నాం. మహారాష్ట్ర 2024లో ఆర్డరు ఇచ్చింది కదా, తొమ్మిదింటికి ముందు బడి పెట్టొద్దని, అది కూడా నాలుగో తరగతి దాకానే. పెద్ద పిల్లోళ్ళ ఊసే లేదు.

ఇది మన దరిద్రమే అనుకోవద్దండి, బోస్టన్‌లో కూడా ఇదే జరిగింది. 2017లో అక్కడ ఎంఐటీ వాళ్ళతో కంప్యూటర్లో లెక్క వేయించినారు, హైస్కూళ్ళు లేటుగా పెట్టి బస్సుల ఖర్చు కూడా తగ్గేట్టు. లెక్క బ్రహ్మాండంగా కుదిరింది. తీరా చూస్తే కొన్ని ప్రైమరీ బళ్ళు 7:15కి వచ్చి కూర్చున్నాయి. తల్లిదండ్రులు రోడ్డెక్కినారు, డిసెంబరులో ప్రకటించిన ప్లాను డిసెంబరులోనే మూలకు పడింది.

ఇంక మన ఊరి సంగతి చూడండి, 2023లో ట్రాఫిక్ కేసులో మన హైకోర్టు స్కూల్ టైమింగులు మార్చేది పరిశీలించమంటే, ఆ మాటలు ముందుకు జరపడం గురించి! రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడే పిల్లోళ్ళు పోవాలని. స్కూళ్ళోళ్ళు, పేరెంట్సు, బండ్లోళ్ళు కుదరదన్నారు, ఆగింది. అంటే మన ఊర్లో బడి టైమును నిర్ణయించేది రోడ్డు. పిల్లోడి నిద్ర ఆ లెక్కలోకే రాదు.

కాబట్టి అమ్మా, తొమ్మిదింటికి మార్చమని అడగొద్దు, రూట్ షీట్ అడగండి. మొదటి స్టాపు అన్నారు కదా. కసవనహళ్ళిలో ఎక్కినాక ఆ బస్సు నేరుగా వర్తూరు పోదు, హరళూరు రోడ్డంతా తిరిగి మళ్ళీ సర్జాపూర్ రోడ్డుకి వచ్చి, కైకొండ్రహళ్ళి, దొడ్డకన్నెల్లి మీదుగా పోవాల. దొడ్డకన్నెల్లికి ఎన్నింటికి వస్తుందో కనుక్కోండి. మీ ఇంటి నుంచి అది మూడు కిలోమీటర్లు.

సెకండ్_పీయూ_బ్యాక్‌బెంచ్

ఆంటీ నేను స్టూడెంట్‌ని, పేరెంట్స్ థ్రెడ్‌లోకి వచ్చినందుకు సారీ. ఫోన్ గురించి ఒక్క మాట. పొద్దున 6 నుంచి రాత్రి 10:30 దాకా కాలేజీ, ఇంటిగ్రేటెడ్ కోచింగ్, టెస్టులు, నాది అన్న టైము ఒక్క నిమిషం ఉండదు. 11 తర్వాత ఇంట్లో అందరూ పడుకున్నాక ఎవరూ ఏమీ అడగరు, ఆ గంట నాది. నిద్ర వస్తున్నా ఫోన్ పక్కన పెట్టబుద్ధి కాదు, పెడితే తెల్లారి మళ్ళీ కాలేజే కదా. తప్పే, తెలుసు. కానీ లాక్కుంటే నేను సీలింగ్ చూస్తా, నిద్రపోను. సాయంత్రం ఓ గంట ఏ క్లాసూ లేకుండా వదిలేస్తే రాత్రి నేనే పెట్టేస్తా అనుకుంటున్నా, మా ఇంట్లో ఎప్పుడూ ట్రై చెయ్యలేదు.

ఇంకోటి, బస్సులో పడుకోవచ్చుగా అంటారు అందరూ. ప్రతి హంపుకీ తల వెళ్ళి కిటికీకి కొట్టుకుంటుంది ఆంటీ. సర్జాపూర్ రోడ్డులో హంపులు లెక్కపెట్టండోసారి.

చాక్‌పీస్_టీచర్

నేను తొమ్మిది, పది తరగతులకి సోషల్ చెప్తా, కోరమంగళ వైపు. మొదటి పీరియడ్ సోమవారం చెప్పడం అంటే శ్మశానంలో పాఠం చెప్పినట్టే, నలభై మందిలో ముప్పై మంది కళ్ళు తెరుచుకుని నిద్రపోతుంటారు. తూగే పిల్లల్ని నేను నిలబెట్టను, మొహం కడుక్కురమ్మని పంపిస్తా, ఆ నడకతో కొంచెం తేరుకుంటారు. డైరీలో రాసిన మేథ్స్ టీచర్ మీద కోపం పెట్టుకోకండి, మామీద సిలబస్ ఉంటుంది.

కానీ లేటుగా మొదలుపెడితే లేటుగా వదలాలి, అది కూడా ఆలోచించండి. 9కి మొదలైతే 3:45కి వదులుతాం, ఆ టైముకి ఔటర్ రింగ్ రోడ్డు నిండిపోతుంది, ఇంటికి ఐదున్నర ఆరు. ట్యూషన్ 7:30కి పోతుంది, పడుకునేది ఒంటిగంటకి. పొద్దున ఇచ్చింది రాత్రి లాక్కుంటారు. పేరెంట్స్ బెల్లు మార్చమని మమ్మల్ని అడుగుతారు, ట్యూషన్ సార్‌ని మాత్రం ఎవ్వరూ అడగరు!

ఇంకా ఒక సరదా సంగతి. 2022లో సుప్రీంకోర్టులో జస్టిస్ లలిత్ గారు పొద్దున తొమ్మిదిన్నరకే బెంచి మీద కూర్చుని, పిల్లలు ఏడింటికి బడికి వెళ్ళగలిగితే జడ్జీలు, లాయర్లు తొమ్మిదింటికి ఎందుకు రాలేరు అన్నారు. క్లాసులో చెప్తే ఒకడు లేచి, "మేడమ్, అయితే ఆయన్ని మమ్మల్నే తొమ్మిదింటికి రమ్మనమనండి" అన్నాడు. ఆ పీరియడ్‌లో అందరూ మేలుకున్నది అప్పుడే.

మారతహళ్ళి_డాక్టరమ్మ

టీచర్ గారి లెక్క కరెక్టే గానీ ఒక్క చోట తేడా ఉంది. సియాటిల్‌లో 2016లో హైస్కూళ్ళని 7:50 నుంచి 8:45కి మార్చారు, పిల్లల చేతులకి వాచీలాంటి పరికరం కట్టి ముందూ తర్వాతా కొలిచారు. అందరూ అనుకున్నట్టు ఆ 55 నిమిషాలూ రాత్రి మేలుకుని వృథా చెయ్యలేదు, సగటున 34 నిమిషాలు నిజంగా ఎక్కువ నిద్రపోయారు. కాకపోతే వాళ్ళకి మనలాగా రాత్రి ఎనిమిదింటి దాకా ట్యూషన్లు లేవు, అది ఒప్పుకుంటా.

కసవనహళ్ళి గారూ, బస్సు నాన్న గారు చెప్పింది ముందు చెయ్యండి. ఊరంతటి బళ్ళనీ జరిపితే సియాటిల్‌లో వచ్చింది 34 నిమిషాలు. మీకు దొడ్డకన్నెల్లి దాకా స్కూటర్ వేసుకెళ్తే దాదాపు అంతే వచ్చేట్టుంది.

సింపుల్_మనిషి

పొద్దున్నే స్కూటర్ మీద అమ్మ కూడా నిద్ర మానుకోవాలిగా, ఆవిడ నిద్ర ఎవరు లెక్కేస్తారు?

కసవనహళ్ళి_అమ్మ

రెండు వారాలయింది, చెప్దామని వచ్చా.

బస్సు దొడ్డకన్నెల్లికి 7:06కి వస్తుంది! ఇన్నేళ్ళూ మా పిల్ల హరళూరు రోడ్డంతా ఊరికే చుట్టి వస్తోంది. ఇప్పుడు 6:52కి యాక్టివా తీస్తున్నా, లేపేది 6:10కి. సింపుల్ గారూ, నేను ఎలాగూ ఐదింటికే లేస్తా డబ్బా కోసం, కాబట్టి నా నిద్రకి కొత్తగా వచ్చిన నష్టం లేదు, కానీ అడిగారు, సంతోషం. సోమ, గురు వాళ్ళ నాన్న తీసుకెళ్తున్నారు. మొదటిరోజు ఆయన ఆ చలికి వణికి, ఇంటికొచ్చి మంకీ క్యాప్ వెతుక్కున్నారు.

ట్యూషన్ సార్‌ని అడిగా, టీచర్ గారు అన్నాక సిగ్గేసి. ముందు కుదరదన్నారు, తర్వాత చూస్తే అదే బ్యాచిలో ఇంకో ఐదుగురు తల్లులు ఇదే అడగాలనుకుని ఆగిపోయారట. నాలుగు రోజులు మూడు చేశారు, ఒకటి శనివారం పొద్దున పదింటికి. ఖాళీ వచ్చిన బుధవారం సాయంత్రం పాప ఏం చేసిందో తెలుసా, ఏమీ చెయ్యలేదు, కింద పార్కులో ఊయల మీద ఒక్కతే కూర్చుని కాళ్ళూపుకుంటూ ఉంది, ఆ రాత్రి 11:20కే నిద్రపోయింది. మిగతా రోజుల్లో పెద్ద మార్పు లేదు, 12 అవుతూనే ఉంది. బ్రష్ పట్టుకుని నిద్రపోవడం మాత్రం తగ్గింది.

కాఫీ దగ్గర ఓడిపోయా. మా అత్తగారికి సగం కాఫీ పదకొండింటికి కూడా ఒంట్లోనే ఉంటుందని లెక్క చెప్తే, "నీ పెళ్ళయ్యేదాకా నీ మొగుడు తాగలేదా" అన్నారు. ప్రస్తుతం పాలు ఎక్కువ పోస్తున్నారు, అదే రాయితీ.

వర్తూరు_బస్సు_నాన్న

చాలా సంతోషం తల్లీ. రూట్ తిరగేసి హరళూరు తర్వాత మీ గేటు పెట్టమని కూడా అడిగినారా? మీ స్టాపులో ఇంకెంతమంది పిల్లోళ్ళు?

కసవనహళ్ళి_అమ్మ

ఏడుగురండీ. అడిగాం. అప్పుడు హరళూరు వాళ్ళు ముందు ఎక్కాల్సి వస్తుందట, అక్కడ పదకొండు మంది. ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జ్ సోమవారం రమ్మన్నారు, హరళూరు వాళ్ళని కూడా పిలిచారట.